అయిదు నెలల తేడా

పోయిన ఆదివారం పొద్దున్న భిలాయి నుంచి మా మేనకోడలు ఫోన్ చేసింది. పన్నెండో తరగతి పరీక్షలు రాసేసి, కంప్యూటర్ ముందు కూర్చుని కాలేజీ చదువుకి ఏదో స్కాలర్‌షిప్ దరఖాస్తు నింపుతోందట. ఆ పిల్లకి తెలుగు అర్థమవుతుంది గాని, నోరు తెరిస్తే హిందీయే ముందు దూకుతుంది. "మామూ, ఆఖర్లో ఒక డబ్బా ఉంది. కుటుంబం గురించి రాసిందంతా సచ్ హై అని టిక్ పెట్టాలట. పెట్టేనా?" అంది. కోటానుకోట్ల మంది రోజూ చదవకుండానే టిక్ పెట్టేసే డబ్బా అది. నాకు మాత్రం అరికాళ్ళలో వణుకు బయల్దేరి, మోకాళ్ళ దగ్గర కాసేపు ఆగి, చేతిలోని కాఫీ గ్లాసు దాకా ఎక్కింది. విశాఖపట్నం మొత్తంలో మా వరండాలో మాత్రమే భూకంపం వచ్చింది. "ఆగు, ఆగు! మీ అమ్మకి చూపించావా?" అన్నాను. "మమ్మీయే నిన్నడగమంది. ఇలాంటి ఫారాల్లో మామూ ఎక్స్‌పర్టు అంది," అంది ఆ పిల్ల. వెనకాల మా అక్క నవ్వు వినబడింది.

ఈ అక్క మా చిన్నాన్న కూతురు. నాకంటే సరిగ్గా అయిదు నెలలు పెద్దది. ఆ అయిదు నెలల్నీ అడ్డం పెట్టుకుని నా చేత జీవితమంతా అక్కా అని పిలిపించుకుంది. ఒకసారి మరిచిపోయి పేరు పెట్టి పిలిస్తే, మూడు రోజులు నాకు భిలాయిలో నీళ్ళు పుట్టకుండా చేసింది. అది వేరే సంగతి. ఆ అయిదు నెలల వల్లే మా ఇంటిల్లిపాదీ ఒక జూన్ నెలలో రెండు వారాలు ప్రాణాలు అరచేతిలో పెట్టుకుని బతికాం. ఆ భయం గురించే చెప్పబోతున్నాను. నేను కాస్త పెంచి చెబుతానని మా వాళ్ళందరికీ అనుమానం. ఈ ఒక్క విషయంలో మాత్రం నేను ఎంత పెంచినా అసలు భయానికి భుజం దాకా కూడా రాదు.

అప్పటికింకా మధ్యప్రదేశ్‌లోనే ఉన్న భిలాయిలో, సెక్టర్ 7లో, చిన్నాన్నది రెండు గదుల క్వార్టరు. శ్రీకాకుళం దగ్గర మా ఊళ్ళో మా నాన్నకి మేం అయిదుగురం. మా బడి మేష్టారు వాన వస్తే వచ్చేవారు కాదు, ఎండ కాస్తే వచ్చేవారు కాదు. ఈ రెండూ లేని రోజుల్లో మాత్రం ఠంచనుగా వచ్చేవారు. నాకు ఆరేళ్ళప్పుడు సెలవు మీద ఊరొచ్చిన చిన్నాన్న "ఈడ్ని నాకొగ్గెయ్ అన్నియ్యా, మా గుంటతోపాటు ఇంగిలీసు బళ్ళో ఏసేస్తాను" అని, బియ్యం మూటతో, ఆవకాయ జాడీతో కలిపి నన్నూ రైలెక్కించేశాడు. భిలాయి తెలుగు ఇళ్ళలో అదేమీ వింత కాదు. ప్రతి మూడో క్వార్టర్లోనూ అన్న కొడుకో, అప్ప కూతురో ఒకరు ఇంటి పిల్లల్లో పిల్లగా కలిసిపోయి, అదే కంచంలో తిని, అదే బెల్టుతో తన్నులు తింటూ పెరిగేవారు.

వచ్చిన నెలకే నాకు జ్వరం వచ్చింది. చిన్నాన్న పనిచేసే స్టీలు ప్లాంటు ఆసుపత్రిలో మందులివ్వాలంటే మెడికల్ బుక్కులో పేరుండాలి. ఉద్యోగి, భార్య, పిల్లలు, వాళ్ళ ఫొటోలు, పుట్టిన తారీకులు ఉండే చిన్న పుస్తకం అది. మా చిన్నాన్న సంగతి మీకు తెలియాలి. బ్లాస్ట్ ఫర్నేస్‌లో కరిగిన ఇనుము ఎర్రగా కాలవ కట్టి పారుతుంటే, పొలానికి నీళ్ళు పెట్టుకునే రైతులా పక్కన తాపీగా నిలబడే మనిషి. అలాంటి మనిషి కాయితానికి భయపడేవాడు. రబ్బరు స్టాంపు చప్పుడు వినబడితే లేచి నిలబడేవాడు. ఆ రోజు ఒళ్ళు కాలిపోతున్న నన్ను భుజాన వేసుకుని కౌంటరు దగ్గరకి వెళ్ళాడు. గుమాస్తా "బాప్ కా నామ్?" అన్నాడు. చిన్నాన్న కళ్ళు మూసుకుని తన పేరే చెప్పేశాడు. జీవితంలో ఆడిన మొదటి అబద్ధం. ఆ ఒక్క అబద్ధంతోనే ఆయన దగ్గరున్న సరుకంతా అయిపోయింది. "పుట్టిన తారీకు?" అనేసరికి ఇంక స్టాకు లేక నిజం చెప్పేశాడు.

ఆ రోజుల్లో ప్లాంటులో సగం మంది జులై ఒకటో తారీకున పుట్టినవాళ్ళే. బళ్ళో వేసేటప్పుడు మేష్టార్లకి అదే నోటికొచ్చేది. చిన్నాన్న కూడా జులై ఒకటే. పక్కింటాయనా అంతే, ఎదురింటాయనా అంతే. ఇలా ఊరంతా తప్పుడు తారీకులతో సుఖంగా బతుకుతుంటే, నాకొక్కడికే నిక్కచ్చిగా అసలు తారీకు పడింది. అక్కకి అంతకు ముందే ఆసుపత్రి వాళ్ళే అసలుది రాసి ఉన్నారు. ఆ విధంగా మా పిన్ని, మెడికల్ బుక్కు ప్రకారం, సెప్టెంబరులో ఒక ఆడపిల్లనీ మరుసటి ఫిబ్రవరిలో ఒక మగపిల్లాణ్ణీ కంది. మానవ జాతిలో అంతకు ముందు ఎవరూ సాధించని ఘనకార్యం. పదకొండేళ్ళపాటు దాన్ని ఎవరూ గమనించలేదు. నేను ఇంట్లో చిన్నాన్నా అనీ, వీధిలో పాపా అనీ పిలుస్తూ పెరిగాను.

పన్నెండో తరగతి ఫలితాలొచ్చాయి. నాకంటే అక్కకి మూడు మార్కులు ఎక్కువ. ఇంజినీరింగు ప్రవేశ పరీక్షలో ఇద్దరికీ సీటొచ్చే ర్యాంకులే వచ్చాయి. కాని సీటంటే వేరే ఊళ్ళో హాస్టలు, పుస్తకాలు, నాలుగేళ్ళు. స్కాలర్‌షిప్ వస్తే వెళ్ళడం, రాకపోతే దగ్గర్లోని డిగ్రీ కాలేజీకి సైకిలు తొక్కడం. ఇందులో మూడో దారి లేదు. ప్లాంటులో చిన్న ఉద్యోగుల పిల్లల కోసం ఒక సేవా ట్రస్టు వాళ్ళు స్కాలర్‌షిప్ ఇచ్చేవారు. పన్నెండులో ఫస్టు క్లాసు రావాలి, సీటు రావాలి, తండ్రి మెడికల్ బుక్కులో పేరుండాలి. మూడూ మా ఇద్దరికీ ఉన్నాయి. మా ప్రిన్సిపాల్ సంతోషం పట్టలేక మమ్మల్ని అడక్కుండానే ఇద్దరి పేర్లూ పుట్టిన తారీకులతో సహా ఒకే కాయితం మీద, ఒకదాని కింద ఒకటి, చక్కగా టైపు చేయించి పంపించేశాడు. పది రోజుల్లో ఒక ఫారంతో సహా ఉత్తరం వచ్చింది. రెండు వారాల తర్వాత తల్లీ తండ్రీ పిల్లలూ మెడికల్ బుక్కు తీసుకుని ఇంటర్వ్యూకి రావాలట.

చిన్నాన్న పొద్దుటి షిఫ్టు దిగి మధ్యాహ్నం ఇంటికొచ్చి ఆ ఉత్తరం చూశాడు. టోపీ తియ్యలేదు, బూట్లు విప్పలేదు, అలాగే గుమ్మంలో కూలబడ్డాడు. ఎదురు క్వార్టర్లో ప్లాంటు రూల్సన్నీ కంఠతా వచ్చని పేరున్న మావయ్య ఒకాయన ఉండేవాడు. పిలవకుండానే వచ్చాడు. బుక్కు తిరగేసి, వేళ్ళు మడిచి, మళ్ళీ విప్పి, "ఓర్నాయనో!" అన్నాడు. "ఒక్క తల్లికి అయిదు నెలల్లో ఇద్దరు పిల్లలేట్రా బాబూ! ఆ ఆఫీసరు డాకటేరు కాకపోతే కాకపోనీ, ఆడికీ పెళ్ళామంటూ ఉంటాది కదేటి!"

"ఏటవుద్ది మావా?" అన్నాడు చిన్నాన్న పీలగొంతుతో.

"ఏటవుద్దేటి? ముందు చార్జిషీటు. ఆ ఎనక ఉజ్జోగం. ఆ ఎనక క్వార్టరు. ఖుర్సీపార్‌లో ఇలగే ఎవుడో మేనల్లుణ్ణి రాయించీసి..." అని ఆగిపోయి, మా పిన్ని ఇచ్చిన టీ ఊదుకుంటూ తాగాడు. ఆ ఖుర్సీపార్ మనిషికి ఏమయిందో ఆయన ఎప్పటికీ చెప్పలేదు. చెప్పి ఉంటే బాగుండేది. చెప్పకపోవడం వల్ల ఆ మనిషిని మేం నలుగురం నాలుగు రకాలుగా, వారం రోజులపాటు, ఊహల్లో ఉరి తీశాం.

నేను వీరుడిలా ముందుకొచ్చి "నేను ఇంటర్వ్యూకి రాను చిన్నాన్నా, నాకు చదువొద్దు" అన్నాను. లోపల గుండె మాత్రం ఇంజినీరింగు కాలేజీ గేటు పట్టుకుని వేలాడుతోంది. "నువ్వు రాకపోతే గుంటడేడని అడగరేటి? అప్పుడింకా అనుమానం," అన్నాడు చిన్నాన్న. "కవలలమని చెప్పీదాం," అంది అక్క. "నేను తొందరపడి వచ్చేశాను, ఈడు రావాలా వద్దా అని అయిదు నెలలు ఆలోచించుకున్నాడు. చిన్నప్పట్నించీ ఈడు లేటే కదా!" మేమెవరం నవ్వలేదు. అది నవ్వాల్సిన జోకు అని నాకు ఇరవై ఏళ్ళ తర్వాత ఒకరోజు స్నానం చేస్తుంటే తెలిసింది.

ఆ రెండు వారాలూ మాకు ఖాకీ బట్ట ఏది కనబడినా విజిలెన్సు వాళ్ళే. పోస్టుమాన్ గంట కొడితే చిన్నాన్న పెరట్లోకి వెళ్ళిపోయేవాడు. గ్యాసు బండ తెచ్చినవాడు బుక్కు చూపించమంటే పిన్ని గ్యాసే వద్దంది. ఎండకి తారు కరుగుతున్న ఆ జూన్ నెలలో నాకు చలి వేసింది. దుప్పటి కప్పుకుని కూర్చుంటే పక్కింటివాళ్ళు మలేరియా అనుకున్నారు. చిన్నాన్న ఊళ్ళో ఉన్న మా నాన్నకి ఉత్తరం రాయబోయి, ఉత్తరం కూడా కాయితమే కదా, ఎవరి చేతనైనా పడుతుందేమోనని చింపేశాడు. ఆ చింపిన ముక్కల్ని పెరట్లో కాల్చి, బూడిదని మూడు చోట్ల పారబోశాడు. రోజూ అన్నాల ముందు నాకు రిహార్సలు. ఆయన ఆఫీసరులా కుర్చీలో కూర్చుని "తేరా బాప్ కౌన్ హై?" అనేవాడు. నేను "ఆప్ హై, పాపా" అనాలి. ప్రతిసారీ నోరు జారి "మీరే చిన్నాన్నా" అనేవాణ్ణి.

పిన్నికి మాత్రం ఒకే ఒక్క ఆజ్ఞ. నోరు విప్పకూడదు. పిన్ని హిందీ కూరల బండ్ల దగ్గర నేర్చుకున్నది. అందులో ఆడా మగా తేడా ఉండేది కాదు, నిన్నా రేపూ తేడా ఉండేది కాదు. అయినా కూరలవాళ్ళందరికీ ఆ హిందీ అంటే హడలు. "నువ్వు నోరిప్పినావంటే మన బతుకులు బుగ్గే, అర్తమయిందేటి?" అన్నాడు చిన్నాన్న. "నాకేల నోరు? నాను బొమ్మలా కూకుంటాను," అంది పిన్ని చాటలో బియ్యం చెరుగుతూ.

ఇంటర్వ్యూ రోజు మధ్యాహ్నం ఎండ ఎంతలా ఉందంటే, ట్రస్టు ఆఫీసు గేటు దగ్గర నీడ కూడా నీడ కోసం వెతుక్కుంటోంది. వరండాలో చాలా కుటుంబాలు. అందరూ హాయిగా విసురుకుంటున్నారు. మేం నలుగురం మాత్రం దొంగసొత్తు మీద కూర్చున్నవాళ్ళలా ఒకే బెంచీ మీద బిగుసుకుపోయాం. మెడికల్ బుక్కు చిన్నాన్న చొక్కాలోపల, పొట్టకి ఆనించి ఉంది. పిలుపు వచ్చేసరికి అది చెమటకి తడిసి మెత్తని అప్పడమైపోయింది. ఆ క్షణంలో నాకు తారీకుల మీద సిరా కరిగిపోయి ఉంటుందన్న ఆశ కలిగింది. ఆ గుమాస్తా వాడిన సిరాని నా శత్రువుక్కూడా చూపించకూడదు. ఒక్క అక్షరం చెక్కుచెదరలేదు.

లోపల ఆఫీసరు బక్కపలచటి మనిషి. ముక్కు చివర కళ్ళజోడు, చేతిలో బాగా చెక్కిన పెన్సిలు. ఆయన నన్నేం అడగలేదు. మార్కుల కాయితాలు చూసి "దోనో ఫస్టు క్లాస్, దోనో ఇంజినీరింగ్. వాహ్!" అన్నాడు. మాకు ఊపిరి సగం వచ్చింది. అప్పుడాయన ఫారం వెనక్కి తిప్పి, చీమలు బారు తీరినట్టున్న ఇంగ్లీషు అక్షరాల మీద పెన్సిలు ఆనించాడు. "ఇది చదవలేదా మీరు? ఒక ఉద్యోగికి ఒక్కరికే. ఇద్దరూ అర్హులైతే పెద్దవాళ్ళకి," అని హిందీలో చెప్పాడు. మేం రెండు వారాలు ముందు పేజీకి భయపడ్డాం. వెనక పేజీకి భయపడాలని మాకెవరికీ తెలియలేదు.

"బడా కౌన్ హై?" అన్నాడు ఆఫీసరు, బుక్కు తెరుస్తూ.

అక్క నా కంటే పెద్దది. మార్కుల్లోనూ పెద్దదే. ఆ మాట చిన్నాన్న అనాలి. అంటే ఆఫీసరు పెన్సిలు తిన్నగా వెళ్ళి అక్క తారీకు మీద పడుతుంది, అక్కణ్ణించి ఒక్క గీత కింద నా తారీకు. చిన్నాన్న పెదాలు కదిలాయి గాని శబ్దం రాలేదు. కరిగిన ఇనుముకి చెమర్చని ఆ నుదురు మీంచి ధారలు కారుతున్నాయి. అక్క నా వైపు చూడలేదు, తన చేతుల వైపు చూసుకుంటోంది. పెన్సిలు పేజీ మీద దిగుతోంది. చిన్నాన్న పేరు దాటింది. పిన్ని పేరు దాటింది.

"లడ్‌కా బడా హై సాబ్," అంది పిన్ని.

గదిలో ఫ్యాను కూడా ఒక్క క్షణం ఆగిందని నేను కోర్టులోనైనా ప్రమాణం చేస్తాను. ఆఫీసరు తలెత్తి, "బుక్కులో అమ్మాయి పేరు ముందుంది కదమ్మా, తారీకు కూడా ముందే" అన్నాడు.

"కితాబ్ గలత్ హై సాబ్." పిన్ని గొంతులో వంకాయలు బేరమాడేటప్పటి ధాటి. "కితాబ్ కో క్యా మాలూమ్? మా మై హూఁ. మేరేకో మాలూమ్." పుస్తకానికేం తెలుసు, తల్లిని నేను, నాకు తెలుసని.

ఆయన మళ్ళీ బుక్కులోకి చూశాడు. ఈసారి ఎడమచేతి బొటనవేలు మిగతా వేళ్ళ మీద ఒక్కొక్కదానిగా నడిచింది. నేను ఆ నడకని లెక్కపెట్టాను. అయిదు దగ్గర ఆగింది. ఆయన చిన్నాన్న వైపు చూశాడు. నన్ను చూశాడు, అక్కని చూశాడు. మా ఇద్దరి మొహాలూ ఒకే తాత మొహానికి నకళ్ళు, దానికి ఏ పుస్తకమూ అక్కర్లేదు. ఆఖరికి పిన్ని వైపు చూశాడు. పిన్ని చూపు తిప్పుకోలేదు. ఎంతసేపని అడగకండి, నాకు అక్కడే రెండుసార్లు ముసలితనం వచ్చి వెళ్ళింది. "నా తారీకూ తప్పే," అన్నాడాయన హిందీలో, మెల్లగా. "పహలీ జులాయి." ఆ తర్వాత ఫారం మీద నా పేరు పక్కన టిక్ పెట్టి, బుక్కు మూసి, చిన్నాన్న చేతికిచ్చేశాడు.

బయటికొచ్చాక చిన్నాన్న గేటు పట్టుకుని చాలాసేపు నిలబడ్డాడు. మాకు పట్టరాని సంతోషం రావాలి. రాలేదు. భయం పోయిన చోట ఇంకేదో వచ్చి కూర్చుంది. దానికి పేరు నాకు అప్పుడు తెలియదు. అక్క తన సైకిలు తాళం తీస్తూ, "పదండి పెద్దోరూ, పొద్దోతున్నాది," అంది నాతో. ఆ పిలుపులో వెటకారం ఉంది. వెటకారం వెనకాల ఏముందో చూసే ధైర్యం నాకు లేకపోయింది.

ఆ సాయంత్రం చిన్నాన్న బజారుకెళ్ళాక వంటింట్లోకి వెళ్ళి పిన్నిని అడిగాను. "అలాగెందుకు చెప్పావు పిన్నీ? అక్క పేరు చెప్పాల్సింది. మార్కులు కూడా తనకే ఎక్కువ." పిన్ని పప్పు మెదుపుతూ వెనక్కి తిరగలేదు. "ఆ పెన్సిలు దిగిపోతంటే ఏటో ఒకటి అనాలి కదేటి, మీ సిన్నాన్న నోరు పడిపోనాది," అంది. పప్పుగుత్తి పక్కన పెట్టి, "అది నా పిల్ల. దానికి నాను అన్నాయం సేసినా రేపు తిట్టుకుంటాది, ఎల్లుండి అన్నానికొస్తాది. నిన్ను మీ అమ్మ నా సేతిలో ఎట్టింది. నీకు అన్నాయం సేసీసి ఆ యమ్మకి ఏ మొకం సూపించను?" అంది. వెనక్కి తిరిగితే గుమ్మంలో అక్క. ఎప్పుడొచ్చిందో తెలియదు. పళ్ళెం తీసుకుని, పీట వాల్చుకుని, "ఎల్లుండి దాకా ఎందుకులే, అన్నం ఇప్పుడే పెట్టు," అంది. పిన్ని పెట్టింది. అక్క తింది. రెండోసారి వడ్డించుకుంది కూడా. పిన్ని మాత్రం ఆ పూట పొయ్యి దగ్గర్నించి లేవలేదు, పొగ కళ్ళలో పడిందని కొంగుతో తుడుచుకుంటూనే ఉంది. మాది గ్యాసు పొయ్యి.

నేను ఇంజినీరునయ్యాను. అక్క దగ్గర్లోని కాలేజీకి సైకిలు మీద వెళ్ళి బీయెస్సీ చేసింది, తర్వాత బీఎడ్. ఇప్పుడు భిలాయిలోనే లెక్కల టీచరు. ఆమె క్లాసులో పిల్లలు ఊపిరి తీసుకోవడానికి చెయ్యెత్తి అనుమతి అడుగుతారని చెప్పుకుంటారు. ఇది నేను పెంచి చెబుతున్నది కాదు, చాలా తగ్గించాను. చిన్నాన్న రిటైరయిన రోజు దాకా ఆ మెడికల్ బుక్కుని ఎవరి చేతికీ వదల్లేదు. పిన్ని నిర్ణయం ఉద్యోగం కాపాడడానికా, మా అమ్మకిచ్చిన మాట కోసమా, లేక నేను మగపిల్లాణ్ణి కాబట్టా అని చాలా రాత్రులు ఆలోచించాను. మూడోది అయ్యుంటుందేమోనన్న భయంతో మళ్ళీ అడగలేదు. ఇప్పుడు అడగడానికి పిన్ని లేదు. అక్కని అడిగే ధైర్యం, ఇన్నేళ్ళ ఉద్యోగంలో ఇన్ని కాయితాల మీద సంతకాలు పెట్టాక కూడా, నాకు చిక్కలేదు.

ఆ మధ్యాహ్నం నేను ఒక్క మాటతో అక్క కంటే పెద్దవాణ్ణయిపోయాను. మూడు దశాబ్దాలు కావస్తున్నా, ఆ పెద్దరికానికి సరిపడా వయసు మాత్రం నాకింకా రాలేదు.